పల్లె పిల్లలు ఎందుకు వెళ్తున్నారు, ఎవరు ఉండగలుగుతున్నారు?

ఏటిగట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

నమస్కారం. ఈ వేదికలో చాలా కాలంగా చదువుతున్నాను కానీ రాసింది తక్కువ. ఇవాళ రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా తమ్ముడికి 24 ఏళ్లు. డిప్లొమా అయ్యాక నాలుగేళ్లుగా నాన్నతో కలిసి వ్యవసాయం చేస్తున్నాడు. ఒళ్లు దాచుకునే రకం కాదు, చెడు అలవాట్లు లేవు. పోయిన వారం రాత్రి ఉన్నట్టుండి "నేను సిటీకి వెళ్లిపోతాను" అన్నాడట. ఎందుకురా అంటే "ఇక్కడేముంది" అని ఒకే ఒక్క మాట. అప్పటినుంచి నాన్న ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదు. అమ్మ ఇద్దరి మధ్యా నలిగిపోతోంది. నాకు ఫోన్ చేసి "నువ్వైనా చెప్పవే" అంటోంది.

నేనే పదేళ్ల కిందట చదువు పేరుతో బయటికొచ్చి మళ్లీ వెనక్కి వెళ్లలేదు. వాణ్ని ఉండమని ఏ ముఖం పెట్టుకుని చెప్పను? వెళ్లమంటే అమ్మానాన్నల సంగతేమిటి? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఈ వయసు వాళ్లు పల్లె ఎందుకు వదులుతారు, ఉన్నవాళ్లు ఎందుకు ఉంటారు? జీతం కోసమేనా? వెళ్లినవాళ్లు, ఉండిపోయినవాళ్లు, తిరిగొచ్చినవాళ్లు ఎవరైనా సరే, మనసులో ఉన్నది రాయండి.

---

లెక్కలమాస్టారు

ఏటిగట్టు గారూ, మీ ఇంటి సంగతి మీకే బాగా తెలుస్తుంది. నాకు తెలిసిన నాలుగు విషయాలు రాస్తాను, పనికొస్తే తీసుకోండి.

ముందుగా ఒకటి. మీ తమ్ముడు చేస్తున్నది కొత్త పనీ కాదు, తప్పు పనీ కాదు. 1885లోనే రావెన్‌స్టైన్ అనే ఆయన బ్రిటన్ జనాభా లెక్కలు దగ్గర పెట్టుకుని వలసల గురించి కొన్ని సూత్రాలు రాశాడు. ఎక్కువమంది దూరం పోరు, దగ్గరి పట్నానికే పోతారు. వెళ్లేవాళ్ల ప్రవాహం ఉన్న ప్రతిచోటా వెనక్కి వచ్చేవాళ్ల ప్రవాహం కూడా ఉంటుంది. ఈ రెండు మాటలూ ఇప్పటికీ నిలబడే ఉన్నాయి.

ప్రపంచ జనాభాలో పట్టణాల్లో ఉండేవాళ్లు 1950లో 30 శాతం. 2007 ప్రాంతంలో సగం దాటారు. ఐక్యరాజ్యసమితి 2018 నివేదిక ప్రకారం 55 శాతం, 2050కి 68 శాతం కావచ్చని అంచనా. అయినా అదే 2018లో పల్లెల్లో ఉన్నవాళ్లు దాదాపు 340 కోట్లు. పల్లెలు ఖాళీ అయిపోయాయని అంటుంటారు కానీ ప్రపంచం మొత్తం మీద తగ్గింది వాటా. మనుషులు ఇంకా ఉన్నారు. కొన్ని దేశాల్లో మాత్రం నిజంగానే ఖాళీ అవుతున్నాయి.

ఇక జీతం. సిటీలో నిరుద్యోగం ఉందని తెలిసీ జనం ఎందుకు పోతారన్న ప్రశ్నకు 1970లో హారిస్, టొడారో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు జవాబు చెప్పారు. పల్లెలో ఖాయంగా 10 వస్తుంది. సిటీలో పని దొరికితే 25, కానీ దొరికే అవకాశం సగమే. అంటే సగటున పన్నెండున్నర. 10 కన్నా అది ఎక్కువే కాబట్టి మనిషి బయల్దేరతాడు. వెళ్లేవాళ్లకు వాస్తవం తెలియదనడం సరికాదు. రిస్కు తెలిసే పోతున్నారు. ఇంకో సంగతి, సిటీలో కొత్తగా ఉద్యోగాలు పెంచితే ఆ ఆశతో వచ్చేవాళ్లు ఇంకా పెరిగి, అక్కడ నిరుద్యోగం తగ్గకపోగా పెరగవచ్చని కూడా వాళ్ల లెక్క చెబుతుంది.

---

పచ్చగడ్డి

మాస్టారూ, మీ లెక్క కాదనను. కానీ ఆ లెక్కలో నేను లేను. నాకు 29. ఉండిపోయినవాణ్ని. నాతో చదువుకున్నవాళ్లలో ఎక్కువమంది బయటే ఉన్నారు, నాకన్నా ఎక్కువ సంపాదిస్తున్నారు. మరి నేనెందుకు ఉన్నాను?

నేల మీద ప్రేమ అని అందరూ అంటారు. ప్రేమ ఉంది, అబద్ధం చెప్పను. కానీ ప్రేమ ఉన్న మా అన్న వెళ్లిపోయాడు. ఇద్దరికీ ప్రేమలో తేడా లేదు.

తేడా ఇది. నేను పనిలోకి దిగిన రెండో ఏడు మా నాన్న పొలంలో ఒక చెక్క చూపించి "ఇది నీది. ఏం వేస్తావో వెయ్యి. పోతే నీది, వస్తే నీది" అన్నాడు. మొదటి పంట పోయింది. నాన్న ఒక్క మాట అనలేదు. రెండోసారి పెట్టుబడి వెనక్కొచ్చింది, మూడోసారి మిగిలింది. ఆ డబ్బు నా ఖాతాలో పడిన రోజు సిటీ ఆలోచన పోయింది. అన్నకు ఆ అవకాశం రాలేదు. అన్న కాలంలో నాన్నకు అంత ధైర్యం లేదు, చేతిలో అప్పులున్నాయి. అన్న ఏ నిర్ణయమూ తీసుకోలేదు, చెప్పిన పని చేశాడు. ఇరవై ఐదేళ్లు వచ్చాక కూడా చెప్పిన పని చేసేవాడిగా ఉండటం ఎంత కష్టమో, ఆ స్థానంలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

రెండో సంగతి, నేను ఒక్క పొలం మీద బతకను. మోటార్లు, సోలార్ పంపులు రిపేరు చేస్తాను. పంట లేని నెలల్లో ఇల్లు గడిచేది దానితోనే. ఉండిపోయినవాళ్లలో నిలదొక్కుకున్నవాళ్లను చూడండి, చాలామందికి రెండో పని ఉంటుంది. పొలం ఒక్కటే అయితే నేనూ వెళ్లేవాణ్నే.

అక్కా, మీ తమ్ముడు "ఇక్కడేముంది" అన్నాడు కదా. ఇక్కడ తనదంటూ ఏముందని అంటున్నాడేమో, ఒకసారి అడగండి.

---

పాతకాపు

నేను మీ నాన్నగారి వయసువాణ్ని. కొంచెం కటువుగా అనిపిస్తే క్షమించండి. మా రోజుల్లో ఇంతకన్నా కష్టాలున్నా నిలబడ్డాం. ఇప్పటి పిల్లలకు ఎండలో నిలబడే ఓపిక లేదు. ఫోన్‌లో సిటీ మెరుపులు చూసి పరిగెడుతున్నారు. అక్కడ ఇరుకు గదిలో నలుగురితో పడుకుని అదే సుఖమనుకుంటున్నారు. అందరూ పోతే పండించేదెవరు?

---

వెన్నెలదారి

పాతకాపు గారూ, మీ బాధ అర్థమైంది. కానీ ఓపిక లేక పోతున్నారనడం న్యాయం కాదు. సిటీకి వెళ్లి భవన నిర్మాణంలో చేరేవాళ్లు ఎండలోనే పని చేస్తున్నారండి.

నేను అసలు ఎవరూ ఎత్తని విషయం ఎత్తుతాను. ఇప్పటిదాకా తమ్ముడు, అన్న, కొడుకు గురించే మాట్లాడుకున్నాం. ఆడపిల్లలు?

చాలా దేశాల్లో పల్లె వదిలే యువతలో అమ్మాయిలే ముందుంటున్నారు. 1990 తర్వాత తూర్పు జర్మనీ నుంచి పడమటికి వెళ్లిన యువతలో చదువుకున్న అమ్మాయిలు ఎంత ఎక్కువంటే, అక్కడి గ్రామీణ ప్రాంతాల్లో ఆ వయసు అబ్బాయిలతో పోలిస్తే అమ్మాయిల సంఖ్య బాగా పడిపోయింది. మాస్టారు చెప్పిన రావెన్‌స్టైన్ కూడా దగ్గరి దూరాలకు ఆడవాళ్లే ఎక్కువగా కదులుతారని రాశాడు.

ఎందుకో నా సంగతే చెబుతాను. మా ఇంట్లో నాకు ప్రేమ తక్కువ కాలేదు. కానీ పొలం అన్నయ్యకని నేను పుట్టకముందే తేలిపోయింది. నేను ఎవరితో మాట్లాడానో, ఎన్నింటికి ఇంటికొచ్చానో సాయంత్రానికి వీధి మొత్తానికి తెలిసేది. ఆఖరి బస్సు చీకటి పడకముందే వెళ్లిపోయేది. అది తప్పితే రాత్రికి దిక్కు లేదు, కాబట్టి సాయంత్రం దాకా ఉండే ఏ ఉద్యోగమూ నేను చేయలేను. సిటీలో నాకు మొదట దొరికింది జీతం కాదు. నన్ను ఎవరూ గమనించని ఒక సాయంత్రం. రోడ్డు మీద ఒంటరిగా నడుస్తూ ఏడ్చేశాను, సంతోషంతో.

ఉండాలా వెళ్లాలా అన్నది ఇద్దరికీ ఒకే ప్రశ్న కాదు. అబ్బాయిని ఉండమని బతిమాలుతారు. అమ్మాయిని ఎవరూ అడగరు. మీరు కూడా "చదువు పేరుతో" వచ్చానని రాశారు ఏటిగట్టు గారూ. ఆ పేరు దేనికి అవసరమైందో మీకు తెలుసు.

---

ఏటిగట్టు

వెన్నెలదారి గారూ, మీ చివరి వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అవును. నన్ను ఉండమని ఎవరూ అడగలేదు. ఆ మాట ఇన్నాళ్లూ నాతో నేనే అనుకోలేదు.

---

సుద్దముక్క

పల్లె బడిలో పద్దెనిమిదేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఈ విషయంలో నా చేతికి కూడా మట్టి ఉంది.

బాగా చదివే పిల్ల కనబడితే "నువ్వు ఇక్కడ ఉండాల్సినదానివి కాదమ్మా" అంటాం. మార్కులు తక్కువొచ్చినవాడితో "చదవకపోతే ఇక్కడే మట్టి పిసుక్కుంటావు" అంటాం. రెండు మాటలూ ప్రేమతోనే అంటాం. కానీ ఆ పిల్లలు నేర్చుకున్నదేమిటి? వెళ్లేవాళ్లు గెలిచినవాళ్లని, ఉండేవాళ్లు మిగిలిపోయినవాళ్లని. ఆ ముద్ర వేసింది మేమే. కెనడాలో నోవా స్కోషియా తీరంలోని మత్స్యకార గ్రామాల్లో మైకేల్ కార్బెట్ అనే పరిశోధకుడు ఇదే గమనించాడు. అక్కడ బడిలో రాణించడమంటే ఊరు వదలడం నేర్చుకోవడమే అయిందని ఆయన వాదన. చేపల వేటలో చోటున్న అబ్బాయిలు ఉండిపోయారు, చోటు లేని అమ్మాయిలు చదువు పట్టుకుని వెళ్లారు.

పిల్లలు తగ్గితే బడి మూస్తారు. బడి మూస్తే, పిల్లలున్న చిన్న కుటుంబం ఇక అక్కడ ఉండలేదు. ఆ కుటుంబం పోతే బస్సుకు జనం చాలరు. జపాన్‌లో షికోకు దీవి కొండల్లో నగోరో అనే పల్లె ఉంది. చివరి ఇద్దరు పిల్లలు చదువు ముగించాక 2012లో బడి మూతపడింది. ఊరికి తిరిగొచ్చిన ఒకామె వెళ్లిపోయినవాళ్ల, చనిపోయినవాళ్ల గుర్తుగా మనిషంత బొమ్మలు చేసి వీధుల్లో, పొలాల్లో, ఆ ఖాళీ తరగతి గదిలో కూర్చోబెట్టింది. ఇప్పుడక్కడ మనుషుల కన్నా బొమ్మలే ఎక్కువ. ఆ తరగతి గది ఫొటో చూసినప్పటి నుంచి నేను పిల్లలతో పాత మాటలు అనలేకపోతున్నాను.

---

తిరుగుటపా

నేను ఆరేళ్లు సిటీలో చేసి వెనక్కొచ్చాను. వచ్చి మూడేళ్లు. మొదటి ఏడాది మాత్రం ఎవరికీ వద్దు.

ఉద్యోగం పోయి రాలేదు. అమ్మకు బాగాలేదు, ఆపైన నాకే ఆ జీవితం చాలనిపించింది. కానీ ఎదురైన ప్రతి మనిషీ "ఏమైంది?" అని అడిగేవారు. ఏదో అయి ఉండాలి, లేకపోతే ఎందుకొస్తాడు? నేను ఇష్టపడి వచ్చానంటే నమ్మినవాళ్లు ఇద్దరో ముగ్గురో. సుద్దముక్క గారు చెప్పిన ముద్ర పెద్దయ్యాక కూడా ఇలా వెంటాడుతుంది. తిరిగి రావాలని ఉండీ రానివాళ్లు నాకు చాలామంది తెలుసు. డబ్బు సమస్య కాదు వాళ్లకు. ఆ చూపులకు భయం.

నగోరో మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. అదే తోకుషిమా రాష్ట్రంలో కమియామా అనే ఇంకో కొండ ప్రాంతం ఉంది. అక్కడికి వేగవంతమైన ఇంటర్నెట్ వచ్చాక 2010 నుంచి సిటీ కంపెనీలు పాత ఇళ్లలో చిన్న ఆఫీసులు పెట్టడం మొదలుపెట్టాయి. 2011లో అక్కడికి వచ్చినవాళ్లు వెళ్లినవాళ్లను మించారు. మొత్తం జనాభా ఇంకా తగ్గుతూనే ఉంది, ఎందుకంటే వృద్ధులు ఎక్కువ. అయినా 2023లో అక్కడ కొత్తగా ఒక టెక్నాలజీ కాలేజీ తెరిచారు. ఆ పక్కనే కమికత్సులో, 1981 చలికి నారింజ తోటలు దెబ్బతిన్నాక, 1986 నుంచి వంటకాల అలంకరణకు వాడే ఆకులు కోసి అమ్మే వ్యాపారం నిలబెట్టారు. చేసేవాళ్లలో ఎక్కువమంది పెద్ద వయసు ఆడవాళ్లు.

నేను కూడా సిటీ పనినే ఇక్కడినుంచి చేస్తున్నాను. కరెంటు, నెట్ రెండూ నిలకడగా ఉన్న రోజున నేను పల్లెవాణ్నో సిటీవాణ్నో అవతలివాళ్లకు తెలియదు. అవి పోయిన రోజున మాత్రం నేను ఎందుకొచ్చానా అనిపిస్తుంది.

---

పాతకాపు

వెన్నెలదారి అమ్మా, నీ పోస్టు రెండుసార్లు చదివాను. నా కూతురు వెళ్లిపోయినప్పుడు "చదువుకోవాలట" అని అందరికీ చెప్పుకున్నాను. ఉండమని నేనూ అడగలేదు. అడగాలని తట్టలేదు. ఓపిక లేదన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

---

మూడునెలలు

ఇక్కడ అందరూ వెళ్లడం, ఉండటం అని రెండే దారులున్నట్టు మాట్లాడుతున్నారు. నేను ఏటా మూడు నాలుగు నెలలు వెళ్తాను, మళ్లీ వస్తాను. మాలాంటివాళ్లు కోట్లలో ఉన్నారు. మేము ఏ లెక్కలోకి వస్తాం?

మాకు పొలం లేదు. కోతలయ్యాక పని ఉండదు. ఆ నెలల్లో బయటికి పోతే ఇల్లు గడుస్తుంది. మా దగ్గర వెళ్లేవాళ్లను చూసి బాధపడాల్సిన పని లేదు. వెళ్లలేనివాళ్లను చూడండి. చార్జీలకు డబ్బు ఉండదు, అక్కడ తెలిసినవాళ్లు ఉండరు. పని దొరక్కపోతే తిరిగొచ్చే దారి కూడా ఉండదు. అందరికన్నా పేదవాడు కదల్లేడు. వాడు ఇష్టపడి ఉన్నాడనుకోకండి.

---

లెక్కలమాస్టారు

మూడునెలలు అన్నా, మీరు రాసింది ఈ చర్చకు చాలా ముఖ్యం. దీని మీద బంగ్లాదేశ్‌లో ఒక ప్రయోగం జరిగింది. రంగ్‌పూర్ ప్రాంతంలో కోతలకు ముందు పనిలేని ఆకలి కాలాన్ని "మొంగా" అంటారు. 2008లో పరిశోధకులు కొన్ని పేద కుటుంబాలకు బస్సు చార్జీకి సరిపడా, సుమారు ఎనిమిదిన్నర డాలర్లు ఇచ్చి, ఆ కాలంలో ఒకరిని పనికి పంపమన్నారు. ఆ కొద్దిపాటి సాయంతోనే అదనంగా 22 శాతం కుటుంబాలు ఒక మనిషిని పంపాయి. ఇంట్లో తిండి ఖర్చు పెరిగింది. సాయం ఆపేశాక కూడా తర్వాతి ఏళ్లలో చాలామంది మళ్లీ వెళ్లారు. అయితే తర్వాత దీన్ని పెద్ద ఎత్తున చేసినప్పుడు అదే ఫలితం రాలేదు. 2019లో ఆ కార్యక్రమాన్ని నడిపిన సంస్థే దాన్ని ఆపేసింది. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

ఏటిగట్టు గారికి ఉపయోగపడే మాట ఇంకొకటి. 1985లో స్టార్క్, బ్లూమ్ అనే ఇద్దరు ఒక మార్పు చెప్పారు. వలస నిర్ణయం ఒక్క మనిషిది కాదు, ఇంటిది. ఒకరు పొలంలో, ఒకరు బయట ఉంటే, వాన రాని ఏడు బయటి డబ్బు ఆదుకుంటుంది. బయట పని పోతే ఇల్లు ఆదుకుంటుంది. అంటే వెళ్లినవాడు ఇల్లు వదిలేసినట్టు కాదు. మీరు పంపిన డబ్బుతో మీ తమ్ముడు నాలుగేళ్లు నిలబడి ఉండొచ్చు కూడా.

---

పచ్చగడ్డి

మాస్టారూ, ప్రభుత్వాలు ఏం చేస్తే పిల్లలు ఆగారో చెప్పండి. ఎక్కడైనా ఆగారా?

---

లెక్కలమాస్టారు

పూర్తిగా ఆగిన చోటు నాకు తెలియదు తమ్ముడూ. నార్వే 1990 నుంచి ఉత్తరాన ఫిన్‌మార్క్ ప్రాంతంలో, దాని పక్కనున్న ఉత్తర ట్రోమ్స్‌లో ఉండేవాళ్లకు పన్ను తగ్గించింది. అక్కడ ఉంటూ పని చేస్తే చదువు అప్పులో కొంత ఏటా మాఫీ చేస్తుంది. అయినా అక్కడ కొన్ని మున్సిపాలిటీల్లో జనం తగ్గుతూనే ఉన్నారు. యూరోపియన్ యూనియన్ యువరైతుల కోసం వేరుగా నిధులు పెడుతుంది, అయినా 2020 లెక్కల్లో 40 ఏళ్లలోపు వాళ్ల చేతిలో ఉన్న వ్యవసాయ క్షేత్రాలు 12 శాతమే. అమెరికాలో 2022లో రైతుల సగటు వయసు 58 దాటింది. జపాన్‌లో 2020 నాటికే 68కి చేరువైంది.

ఆ వయసులు చూస్తే నాకు పచ్చగడ్డి రాసిన చెక్క గుర్తొస్తుంది. భూమి డెబ్బై ఏళ్ల చేతిలో ఉంటే, నలభై ఏళ్లు వచ్చేదాకా కొడుకు సహాయకుడే. కూతురి మాట ఎలాగూ లేదు.

స్పెయిన్‌లో 2019 మార్చి 31న ఖాళీ అవుతున్న ప్రాంతాల జనం మాడ్రిడ్‌కు వచ్చి పెద్ద ఊరేగింపు చేశారు. అడిగింది రైలు, ఇంటర్నెట్, వైద్యం వంటివి. వెన్నెలదారి గారు చెప్పిన ఆఖరి బస్సు లాంటివే. అదే ఏడాది నవంబరు ఎన్నికల్లో తెరుయెల్ ప్రాంతం నుంచి వాళ్ల వేదిక ఒక పార్లమెంటు సీటు కూడా గెలిచింది.

---

వెన్నెలదారి

ఒక్క మాట మాత్రం. ఉండమని అడిగేముందు, ఉంటే ఏమిస్తారో చెప్పాలి. నా పేరు మీద ఏముంటుంది, రాత్రి ఎనిమిదికి బస్సు ఉంటుందా, నా నిర్ణయం చెల్లుతుందా. ఈ మూడింటికీ జవాబు ఉంటే నేను ఆ రోజు ఆలోచించేదాన్ని.

---

ఏటిగట్టు

అందరికీ దండాలు. పది రోజులు రాయలేదు, క్షమించండి.

పచ్చగడ్డి గారు చెప్పినట్టే తమ్ముణ్ని అడిగాను. "ఇక్కడ నీదంటూ ఏముందని అంటున్నావా?" అన్నాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు: "నాలుగేళ్లలో ఏం వేద్దామని నాన్న ఒక్కసారి అడగలేదక్కా. పోయిన పంట ఎంతకు అమ్మారో నాకు బయటివాళ్లు చెబితే తెలిసింది. ఆ రోజు చాలా సిగ్గేసింది." జీతం గురించి ఒక్క ముక్క అనలేదు.

నాన్నతో నేనే మాట్లాడాను. ఆయనకు కోపం వచ్చింది. "వాడి కోసమే కదా ఇదంతా, అడిగేదేముంది" అన్నారు. నేను వాదించలేదు. తమ్ముడు సిగ్గుపడిన సంగతి మాత్రం చెప్పి పెట్టేశాను. మర్నాడు అమ్మ ఫోన్ చేసింది. పొద్దున్నే తమ్ముడు లేచేసరికి లెక్కల పుస్తకం వాడి మంచం పక్కన ఉందట. నాన్న ఏమీ చెప్పలేదట. వాడు మధ్యాహ్నం దాకా కూర్చుని పాత పేజీలన్నీ చదివాడట. అప్పులు కూడా అందులోనే ఉన్నాయి. అవి ఎంతో వాడికి ఇన్నాళ్లూ తెలియదు.

వాడు వెళ్తున్నాడు. ఆ మాట మారలేదు. ఎనిమిది నెలల ట్రైనింగ్, యంత్రాల రిపేరు. పచ్చగడ్డి గారి పోస్టు వాడికి చదివి వినిపించాను, రిపేరు పని మీద ఆ ఆశ పెట్టింది నేనే. తిరిగి వస్తావా అని అడగలేదు. వస్తే "ఏమైంది?" అని ఎవరూ అడగకుండా చూస్తానని మాత్రం చెప్పాను, తిరుగుటపా గారూ.

ఇంకొకటి. ఈసారి నాన్నతో మాట్లాడేటప్పుడు నా గురించి కూడా అడిగాను. పొలంలో నా వాటా సంగతి. ఆయన "నీకెందుకమ్మా" అన్నారు, తర్వాత "ఆలోచిద్దాం" అన్నారు. మా ఇద్దరి మధ్య ఈ మాట రావడం ఇదే మొదలు.

ఆదివారం పొద్దున బస్సు. నాన్నే దింపి వస్తానన్నారట.